కోఠీ తోటలో ఒక పూట

సంసారిణి యొక దినము ఊరు విడిచి పోవలెనన్న అది చిన్న పని కాదు. ముందునాటి రాత్రియే పులిహోరకు చింతపండు నానవేయవలెను. పాలవానికి చెప్పవలెను. అత్తగారి మాత్రలలో ఉదయపువి వేఱుగను రాత్రివి వేఱుగను పొట్లములు కట్టి, ప్రక్కయింటి యామెకు అప్పగింపవలెను. ఇన్నియు చక్కపెట్టుకొని బస్సెక్కిన తరువాతను, గ్యాసుపొయ్యి ఆపితిమా లేదా యను సందేహము మూడూళ్ళ వఱకు వెంట వచ్చును. ఇట్టి యవస్థలన్నియు పడి, గడచిన వేసవిలో మేము హైదరాబాదునకు పోయి, కోఠిలోని పాత రెసిడెన్సీ మేడను, దాని తోటను చూచి వచ్చితిమి. చూచినది ఒక్క పూట. ఆ పూట మా మనస్సున కలిగించిన మార్పు మాత్రము చిన్నది కాదు. అందుచేత ఆ సంగతి మీతో ముచ్చటింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వినోదమునకని పోయినవారము కాము. మా యమ్మాయి ఈ సంవత్సరము ఇంటర్మీడియెటు పరీక్షలో మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైనది. పైచదువు ఆ రెసిడెన్సీ ఆవరణలోనున్న మహిళా విశ్వవిద్యాలయముననే చదువుదునని పట్టుపట్టినది. మావారు ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పెడి ఉపాధ్యాయులు. కూతురు చరిత్ర చదువుదుననుట వారికి చెవుల కమృతము. మా యత్తగారు మాత్రము, "నల్లగొండలో లేని చదువు అక్కడ నేమున్నదిరా? పెండ్లి కావలసిన పిల్లను ఊరుకాని ఊర హాస్టలులో నుంతురా?" అని మావారిని నిలదీసిరి. మేము ఏమియు అనలేదు. అనకపోవుటకు కారణము ఓర్పు కాదు. మా మనస్సును అత్తగారి పక్షముననే యుండుట. ఈ మాట ఒప్పుకొనుటకు ఇప్పుడు సిగ్గగుచున్నది. మావారికిని నాడు చెప్పలేదు. పత్రికలో చదివి తెలిసికొందురు గాక.

మా పుట్టినిల్లు కడప సీమలో ఒక చిన్న పల్లె. అయిదవ తరగతితో ఆ యూరి బడి సరి. పొరుగూరి బడికి పంపుటకు నాన్నగారికి మనసొప్పలేదు. అయినను వారు మమ్ములను చదువులేనిదానిగ విడువలేదు. వారు పురాణము చెప్పుటలో చుట్టుప్రక్కల పేరుపొందినవారు. దీపము పెట్టినది మొదలు మాచేత అమరము వల్లె వేయించిరి. భారత భాగవతములు అర్థము చెప్పుచు చదివించిరి. మొల్ల రామాయణమును మేమే చదివి అమ్మకు వినిపించెడివారము. నైమిశారణ్యము, మథుర, లంక అన్నియు మా నడవలోనికే నడచి వచ్చెను. బాలకృష్ణుడు నోరు తెఱువగా యశోద పదునాలుగు లోకములను అందుననే చూచెను గదా. ఇల్లు కదలకయే అంత చూచిన యాడుదానికి ఊరూర తిరుగ నేల యని నాన్నగారు చమత్కరించెడివారు. మేమును ఆ మాటనే నమ్మి పెరిగితిమి. కావున కూతురి కోరిక విన్నప్పుడు, "చదువుకై ఊరు విడువని మాకేమి తక్కువైనది?" అను ప్రశ్నయే మొదట తోచినది. ముందుగ ఆ చోటు కన్నులార చూచి, పిదప నిశ్చయించుకొందమని మావారనగా, సరే యని బయలుదేరితిమి.

నల్లగొండలో తెల్లవారుజామున బస్సెక్కి, మూసీనది నడుమనున్న మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో దిగి, అచ్చటినుండి ఆటోలో కోఠికి చేరితిమి. కోఠి యనగా పెద్ద మేడ యని యర్థము. ఈ మేడ పేరే పేటకంతకును వచ్చినది. నేడు సుల్తాను బజారు అనబడునది పూర్వము రెసిడెన్సీ బజారట. వెలుపల వాహనముల మోత, గాజులవారి కేకలు, కాలిబాటమీద గుట్టలుగ పోసిన పాతపుస్తకములు. లోపలికి అడుగిడినంతనే ఆ సందడి సన్నగిల్లి, పెద్దచెట్ల నీడయు, పక్షుల కూతలును ఎదురువచ్చినవి. తిరునాళ్ళనుండి ఒక్కసారిగ దేవళపు లోగిలిలోనికి వచ్చినట్లుండెను.

ఎదుట తెల్లని మహాసౌధము. ముందు ఆరు మహాస్తంభములు. వాని తలలయందు ఆకులు చుట్టినట్లున్న దిమ్మెలు. పైన త్రికోణమగు ముఖభాగము. క్రింద ఇరువదికి పైగా విశాలమగు మెట్లు. మెట్లకు ఇరుప్రక్కల రెండు సింహములు. ఆంగ్లదేశమున ప్రభువులు పల్లెపట్టుల పెద్ద తోటల నడుమ కట్టుకొనెడి మేడల పద్ధతి యిదియే యనియు, అమెరికా అధ్యక్షుడు వసించు శ్వేతసౌధమును ఇంచుమించు ఈ కాలపుదే యనియు మావారు చెప్పిరి. నేడు నగరము నాలుగువైపుల క్రమ్ముకొన్నది గాని, కట్టిననాడు ఇది ఊరి వెలుపల, మూసీకి ఉత్తరపు గట్టున, తోటలోని యిల్లే. నగరము నదికి ఆవలిగట్టున నుండెను.

మావారు చెట్టునీడను నిలిచి కథ నారంభించిరి. తరగతిలో గొంతును ఇంటిలో గొంతును వారికి ఒక్కటే. 1798లో నిజాము అలీఖాను ఇంగ్లీషు కుంపిణీతో సైన్యసహాయపు ఒడంబడిక చేసికొనెను. అప్పుడు కుంపిణీ పక్షమున హైదరాబాదులో రెసిడెంటుగ నున్నవాడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఈతడు 1764లో మద్రాసున పుట్టినవాడు. పారసీక భాష నేర్చి, ఈ దేశపు దుస్తులు తొడిగి, నవాబులలో నవాబువలె మెలగెను. నిజాము ఈతనికి హష్మత్ జంగ్ అను బిరుద మిచ్చెను. 1800 అక్టోబరులో ఈతడు కుదిర్చిన మఱియొక ఒడంబడిక చేతనే కడప, బళ్లారి మొదలగు సీమలు నిజాము చేతినుండి కుంపిణీ చేతికి పోయి, దత్తమండలములని పేరుపడినవి.

"అనగా మీ పుట్టింటిని దత్తత ఇప్పించిన పెద్దమనిషి ఈతడే" అని మావారు నవ్విరి.

మాకు నవ్వు రాలేదు. ఒక బిడ్డను దత్తత చేయునప్పుడైనను కన్నతల్లిని ఒక మాట అడుగుదురు. సీమకు సీమయే కాగితముమీద చేయి మారునప్పుడు ఆ యూళ్ళవారిని అడిగినవా రెవ్వరు? మా తాతముత్తాతలు నాడు జొన్నచేలలో కలుపు తీయుచుండిరి కాబోలు. తాము చేతులు మారిన సంగతి ఎన్నినాళ్ళకు తెలిసినదో!

ఈ మేడకు స్థలము దొరకిన కథ మఱింత చిత్రమైనది. దీనిని జాన్ మాల్కం అను ఆ కాలపు ఉద్యోగియే చెప్పి యుంచెను. కిర్క్‌పాట్రిక్ తాను కోరిన భూమిని కొలిపించి, పెద్ద కాగితముమీద చక్కని పటము వ్రాయించి, నిజామునకు చూపెనట. నిజాము దానిని చూచి, వీలుపడదని త్రోసిపుచ్చెను. చిన్నబోయి వచ్చిన రెసిడెంటుతో కొలువులోని యొక పెద్ద, "నీవు చూపిన పటము రాజ్యపటమంత యుండెను. ప్రభువు భయపడెను. చిన్న చీటిమీద వ్రాయించి తెమ్ము" అని చెప్పెనట. అట్లే చేయగా, నిజాము చిఱునవ్వుతో ఒప్పుకొనెను. భూమి రవంతయు తగ్గలేదు. తగ్గినది పటము మాత్రమే. ఆ భూమి సుమారు 60 ఎకరములు. మద్రాసు ఇంజనీర్ల దళములోని శామ్యూల్ రస్సెల్ మేడకు రూపు గీయగా, 1803లో పని మొదలయినది. ఖర్చు నిజాముదే.

"చిన్నది చేసి చూపినచో, పోవుచున్నది ఎంతయో కంటికి తెలియదన్నమాట, నాన్నా!" అని మా యమ్మాయి అన్నది. ఆ మాట అప్పుడు మేము విని విననట్లుంటిమి.

పిదప మావారు హాస్టలు సంగతులు కనుగొనుటకు కార్యాలయమునకు పోయిరి. అమ్మాయి మేడ చూతమని చేయి పట్టి లాగినది. మా చేతిలో సంచి యున్నది. అందులో పులిహోర, పెరుగన్నము, నీళ్ళసీసాలు, అందఱి చెప్పులకు సరిపడు పాత గుడ్డ, వాన వచ్చునేమోయని గొడుగు. "ఈ సంచి ఎవరైన కాచుకొనవలెను గదా. నీవు పోయి చూచి రమ్ము" అంటిమి. అమ్మాయి ఒక్క క్షణము మా మొగము చూచి, మెట్లెక్కి పోయినది. సోదరీమణులారా, మనలో ఎందఱము ఎన్ని గుడుల ముందు, ఎన్ని కోటల ముందు, ఇట్లు సంచులు కాచుచు కూర్చుండలేదు!

నీడ వెదకుచు మేడకు వెనుకప్రక్కకు పోయితిమి. అచ్చట ఒకప్పుడు అంతఃపురపు తోట యుండెను. నేలమీద ఒక చిన్న యిల్లు కనబడినది. తేఱిపాఱ చూడగా అది ఇంతకుముందు మేము చూచిన మేడయే! అవే స్తంభములు, అదే ముఖభాగము, అవే కిటికీల వరుసలు; అన్నియు సున్నపుపూతతో కుదించి చేసినవి. బొమ్మలకొలువులో నుంచదగినంత ముద్దుగ నున్నది. ప్రక్కనే ఆకులు ఊడ్చుచున్న యొకామె మమ్ములను చూచి, చీపురు ప్రక్కకుంచి వచ్చి, "దీని కథ తెలియునా, అమ్మా?" అని యడిగి, తానే చెప్పసాగెను. ఆమె క్లుప్తముగ చెప్పినదానిని మావారు పిమ్మట వివరించిరి. రెండును కలిపి వ్రాయుచున్నాము.

కిర్క్‌పాట్రిక్ ఖైరున్నిసా అను కన్యను వివాహమాడెను. ఆమె పారసీక వంశపు సయ్యదుల యింటి ఆడుబిడ్డ. ఒకరినొకరు ఇష్టపడియే చేసికొనిన పెండ్లి యందురు. ఆ పెండ్లికై ఈతడు తన పైవారి విచారణకును గురియయ్యెను. ఆమెకొఱకు ఈ మేడ వెనుక రంగమహలు అను అంతఃపురమును కట్టించెను. అందులో హిందూస్థానీ పద్ధతిని పూలమళ్ళు, జలయంత్రములు నుండెను. తోటయన్న ఆయనకు ప్రాణము. ఎంత రాచకార్యములో నున్నను మామిడి అంట్ల సంగతి మఱచెడివాడు కాడట. ఇన్నియు నుండియు ఖైరున్నిసా ఘోషాలోని స్త్రీ. మేడ ముందటిభాగము కచ్చేరీ. పరపురుషులు, సిపాయిలు తిరుగుచోటు. అచ్చటికి ఆమె రారాదు. తన భర్త కట్టుచున్న మేడ ఎట్లున్నదో ఆమె చూచుట యెట్లు? అందుచేత అంతఃపురపు తోటలో ఆ మేడకు చిన్న ప్రతిమ నొకదానిని చేయించి యామెకు చూపెనని చెప్పుకొందురు. ఆ ప్రతిమయే యిది. రంగమహలు 19వ శతాబ్దపు నడుమ పడగొట్టబడినది. అంతఃపురము పోయినను ఆటబొమ్మ మిగిలినది.

మేము దాని యెదుట కూలబడితిమి. అశోకవనమును వర్ణించునప్పుడు నాన్నగారి కంఠము గద్గదమగుచుండెడిది. ఎంత యందమైన తోటయైనను వెలుపలికి దారి లేనిచో చెఱయే యనెడివారు. ఇచ్చట రావణుడు లేడు. కట్టించినవాడు ప్రేమతోనే కట్టించెను. ఉన్నవారందఱును ఆమె మేలు కోరినవారే. అయినను మేడకును ఆమెకును నడుమ కొన్ని గజముల దూరము. అది నడవరాని దూరము. కోపించుటకు మనిషి కూడ కానరాని చెఱ యది.

అంతతో కథ ముగియలేదు. ఆ దంపతులకు ఒక కొడుకు, ఒక కూతురు: సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో ఆ పసివాండ్రను, ఒకరికి నాలుగేండ్లు, ఒకరికి మూడేండ్లు, చదువులకని మద్రాసు రేవునుండి ఇంగ్లండునకు ఓడలో పంపిరి. బయలుదేరుటకు ముందు జార్జి చిన్నరీ అను చిత్రకారుడు మద్రాసులో వారి పటము వ్రాసెను. జరీ దుస్తులలో నున్న ఆ బిడ్డల పటము నేటికిని ఉన్నది. ఆ యేడే అక్టోబరు 15న తండ్రి కలకత్తాలో మరణించెను. నిండ ఇరువదేండ్లు లేని యా తల్లికి ఒక్క యేటిలో భర్తయు, బిడ్డలును, ఇల్లును లేకపోయెను. తరువాత కొన్నేండ్లు హైదరాబాదునకు రానీయక పోగా, మన బందరులో తలదాచుకొనెను. కడకు స్వస్థలము చేరి, 1813లో, ఇరువదియేడేండ్ల వయసున కన్నుమూసెను. పిల్లలను మరల చూడనే లేదు. సాహెబ్ బేగం ఇంగ్లండులో కిట్టీ అయ్యెను. 1841 ప్రాంతమున, ముప్పదియైదేండ్లకు మించిన యెడబాటు తరువాత, ఆమెకును హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నిసాకును ఉత్తరములు నడచినవి. ఒకరి భాష మఱియొకరికి రాదు. నడుమ తర్జుమా చేయువా రుండవలసి వచ్చెను.

ఈ కథ వినునప్పుడు మొదట మా భయమే బలపడినది. చదువుకని పంపినందులకు గదా ఆ తల్లి బిడ్డలను పోగొట్టుకొన్నది! మా యత్తగారు చెప్పినదే నిజము గదా యని సంచి ఒడిలోనికి లాగుకొంటిమి. ఆమె పిల్లలు మూడు నాలుగేండ్లవారు. మా పిల్లకు పదునెనిమిదవ యేడు. అది ఆఱునెలల సముద్రము. ఇది రెండు మూడు గంటల బస్సు. ఈ భేదము తెలియక కాదు. ప్రేమగల తల్లికి లెక్కలు ఎక్కవు.

ఇంతలో అమ్మాయి పరుగున వచ్చినది. ఊపిరి తిప్పుకొనకయే, లోపలి దర్బారుశాలను, దాని దీపగుచ్ఛములను, రెండు చేతులు చాచినట్లు ఇరుప్రక్కలకు చీలిన మెట్లవరుసను, పైకప్పున కాగితపు గుజ్జుతో చేసిన పూలతీగలను ఏకరువు పెట్టినది. చెప్పునప్పుడు చేతులు త్రిప్పుట, కన్నులు విప్పార్చుట అన్నియు అచ్చముగ మా నాన్నగారివే. మేము ముగ్ధులమై వింటిమి. తుదకు, "అమ్మా, నీవు రావా? నీవు చూడవా?" అన్నది.

"నీవు చక్కగ చెప్పితివి గదా. చూచినట్లే యున్నది" అంటిమి.

ఆ మాట నోటినుండి వెలువడినంతనే మా చెవికే ఎట్లో వినబడినది. మా చూపు ఎదుటి బొమ్మయింటిపై పడినది. ఖైరున్నిసాయు ఇట్లే అని యుండునా? భర్త ముఖము చిన్నబుచ్చలేక, బొమ్మ చుట్టు తిరిగి, "చూచినట్లే యున్నది" అని నవ్వి యుండునా? ఆమెకు అడ్డముగ ఆచారమున్నది, వంశగౌరవమున్నది, కావలివారున్నారు. మాకు అడ్డమేమున్నది? ఒక సంచి! నాన్నగారు మాకు చూపిన లోకమును ఇంతే గదా. ప్రేమతో, శ్రమపడి, ఒక్క స్తంభమును లోపింపనీయక, నడవలో ఇమిడినట్లు కుదించి చూపిరి. అందులకు మేము వారికి జన్మజన్మలు ఋణపడియున్నాము. కాని చీటిమీది పటమును చూచి నిజాము నవ్వినట్లే, పోవుచున్నది ఎంతయో ఎఱుగక మేమును నవ్వితిమి. యశోద లోకములను నోటిలో చూచినది నిజమే. ఆ కృష్ణుని రేపల్లెలో కట్టివేయుట మాత్రము ఆమెకు సాధ్యము కాలేదు. తనకు రోలికి కట్టుట చేతనైనది; రోలితో సహా అతడు నడచిపోయెను.

మావారు అప్పుడే తిరిగి వచ్చుచుండిరి. లేచి పోయి సంచి వారి చేతికిచ్చి, "కొంచెము సేపు మీరు కాచుడు" అంటిమి. పెండ్లియైన యిన్నేండ్లలో అట్టి మాట వినని వారు తెల్లబోయి, చెట్టు క్రింద బుద్ధిగ కూర్చుండిరి. మేము కూతురి చేయి పట్టుకొని ముందు తట్టునకు వచ్చి, సింహముల నడుమ మెట్లెక్కితిమి. నడుమ రెండుసార్లు నిలువవలసి వచ్చినది. మోకాళ్ళ నొప్పిచేత ఒకసారి, ఊరక వెనుకకు తిరిగి చూచుటకు ఒకసారి.

దర్బారుశాలలో అడుగిడిన తరువాత తెలిసినది: అమ్మాయి చెప్పినదంతయు నిజమే గాని, ఆ యెత్తు చెప్పలేదు, చెప్పుటకు వీలుపడునది కాదు. మా మాట పైకి పోయి పైననే కొంచెము సేపు నిలిచి వచ్చుచుండెను. చల్లని నేల అరికాళ్ళకు తగిలినది. బొమ్మయింటికి అన్నియు నున్నవి గాని ఈ చల్లదనము లేదు. 1857 జులై 17న తుఱ్ఱెబాజ్‌ఖాను, మౌల్వీ అలావుద్దీను జనముతో వచ్చి ఈ రెసిడెన్సీ మీదనే దాడి చేసిరని, వారికి అపజయము కలిగి మౌల్వీని అండమానులకు పంపిరని, వారి స్మారకము కోఠి కూడలిలోనే యున్నదని అమ్మాయి చెప్పినది. దత్తమండలముల ఒడంబడిక నడిపిన రెసిడెంట్ల గద్దె యిది. దానిని ఎదిరించిన వారి గుఱుతును దీని వాకిటనే నిలిచియున్నది. ఇది మాకు తృప్తి గలిగించినది.

ఈ మేడ తరువాతి భాగ్యము మఱియు గొప్పది. హైదరాబాదులో 1924లో ఆరంభమైన స్త్రీల కళాశాల 1949లో ఈ మేడకు వచ్చినది. ఘోషా స్త్రీ అడుగిడరాని గదులలో ఆడుపిల్లలు బల్లలు వేసికొని ఏండ్ల తరబడి పాఠములు చదివిరి. కట్టడము శిథిలము కాగా తరగతులు ప్రక్క భవనములకు పోయినవి. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండు అను సంస్థ తోడ్పాటుతో మేడకు మరమ్మతులు జరిగి, 2023 జనవరిలో సందర్శకులకు తలుపులు తెఱచిరి. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమయ్యెను. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఐలమ్మ పాలకుర్తిలో కౌలుభూమి దున్ని, దొర మనుష్యులు పంట దోచుకొనిపోవ వచ్చినప్పుడు ఎదురు నిలిచిన వీరమాత. చిన్న చీటిమీద అఱువది యెకరములు సంపాదించినవాని మేడకు, గుప్పెడు భూమిలోని గింజలకై ప్రాణమొడ్డిన స్త్రీ పేరు! కాలపురుషుని కంటె గొప్ప చమత్కారి మఱియొకడు లేడు.

తోటలో పులిహోర తినుచుండగా అమ్మాయి యడిగినది: "అమ్మా, ఒక్క రాత్రియైనను, అందఱును నిద్రించునప్పుడు, ఆమె ముందు తట్టునకు వచ్చి మేడను చూచి యుండదా?" మావారు చరిత్రలో లేదనిరి. మేము జవాబు చెప్పలేకపోతిమి. చూచి యుండవలెనని మాత్రము ఆ చెట్లకు మ్రొక్కుకొంటిమి.

ఇంటికి వచ్చి అత్తగారికి కథయంతయు చెప్పితిమి. ఏదియు కుదింపక చెప్పితిమి. వారు చాలసేపు మాటాడక, "ఆ తల్లికి పిల్లల మాట వినబడలేదు పాపము. దీనిని ప్రతిదినము రాత్రి ఎనిమిదింటికి ఫోను చేయుమనుము. పండుగలకు రాకపోయినచో నేనే పోయి తీసికొనివత్తును" అనిరి. అదియే అనుమతి. మఱునాడు దరఖాస్తుపై తల్లి చేవ్రాలు చేయవలసినచోట మేమే చేసితిమి. చేయి వణకినమాట దాచము.

అమ్మాయి చేరి మూడు నెలలయినది. మొదటి వారము ఫోనులో ఏడ్చినది. ఇటు మేమును ఏడ్చితిమి. ఇప్పుడు ఎనిమిదింటికి అనుకొన్నది ఒక్కొకనాడు తొమ్మిదియగుచున్నది. అత్తగారు గడియారము క్రింద కూర్చుండి కసరుచున్నారు. మొన్న మేడ మెట్లపై నిలిచి తన ఫొటో యొకటి పంపినది. మావారు, "చూడుము, అక్కడికి పోయినట్లే యున్నది" అనిరి. మేము ఫొటో ప్రక్కకు పెట్టి, దసరాకు ముందు ఆదివారమున నల్లగొండనుండి మొదటి బస్సు ఎన్నింటికని అడిగితిమి. ఈసారి సంచి వారిదే.

సోదరీమణులారా, మన పెద్దలు ప్రేమతో చేయించి యిచ్చిన బొమ్మయిండ్లను భక్తితో దాచుకొందము. బిడ్డలను మాత్రము మెట్లెక్కనిత్తము. వీలైనచో సంచి ఎవరికైన అప్పగించి, మనమును ఎక్కుదము.